సత్యం పరీక్షకు భయపడదు



ఆరోగ్య పత్రికలో మతం పేరిట జరిగే మోసం గురించి ఎందుకని మీరు అడగవచ్చు. షుగరు, బీపీ, టీబీ గురించి రాస్తే చాలదా అనుకోవచ్చు. చాలదు. మొదలుపెట్టిన టీబీ మందు మధ్యలో ఎందుకు ఆగింది, ఇన్సులిన్ ఎందుకు మానేశారు అని అడిగినప్పుడు మాకు వినబడే జవాబులలో ఇదొకటి: "ప్రార్థన చేయించుకున్నామండీ. ఇక మందు వేసుకుంటే అవిశ్వాసం అవుతుందన్నారు." నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, చందర్లపాడు, వత్సవాయి, పెనుగంచిప్రోలు, ఎటువైపు నుంచి వచ్చేవారిలోనైనా ఈ మాట అనేవారు ఉంటారు. వారిలో చదువు లేనివారూ ఉంటారు, చదువుకున్నవారూ ఉంటారు.

మిరప కోతలు అయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మన మెట్ట ఊళ్ళలో స్వస్థత కూడికల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటిలో మంచి కూడికలు ఉన్నాయి. సంఘ పెద్దలు బాధ్యతగా జరిపేవి ఉన్నాయి. రోగుల కోసం మోకాళ్ళ మీద కన్నీళ్ళు కార్చే సేవకులు ఎందరో ఉన్నారు. వారిని గురించి కాదు మా మాట. ప్రార్థనకు విరోధంగానూ కాదు. ఈ ఆసుపత్రిలో రోజు పని మొదలయ్యేదే ప్రార్థనతో. ఇతర మతాలవారి నమ్మకాల జోలికి పోవడం కూడా మా ఉద్దేశం కాదు. ఇది మన ఇంటి సంగతి. మన ఇంటివారితోనే మాట్లాడుతున్నాము.

మేము చెప్పదలచింది ఒక్కటే. క్రీస్తు పేరు చెప్పి మందు మాన్పించేవాడు క్రీస్తు మాట చెప్పడం లేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కరలేదు. మీ ఇంట్లో ఉన్న బైబిలు చాలు.

అందుకనే ఈ వ్యాసంలో వాక్యాలను అచ్చు వేయడం లేదు. పుస్తకం పేరు, అధ్యాయం, వచనం మాత్రం ఇస్తున్నాము. మీరే తెరిచి చదవండి. కంటి చూపు ఆనకపోతే పిల్లల చేత చదివించుకోండి. మేము చెప్పినదంతా నిజమేనా అని కూడా చూడండి.

వాక్యం పట్టుకుని వచ్చిన శోధకుడు

మోసం అనగానే మనకు నల్లటి రూపం, కొమ్ములు గుర్తుకు వస్తాయి. మత్తయి 4వ అధ్యాయంలో అపవాది అలా రాలేదు. వాక్యం నోట పట్టుకుని వచ్చాడు. యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమని చెప్పి, దేవదూతలు ఎత్తి పట్టుకుంటారంటూ 91వ కీర్తనలోని మాటనే ఎత్తి చూపాడు. ఆ కీర్తన అబద్ధం కాదు. దానిని వాడిన తీరు అబద్ధం. ప్రభువు దానికి ఏమని బదులిచ్చాడో మత్తయి 4:7 చూడండి. ద్వితీయోపదేశకాండము 6:16లోని మాటతో ఆ నోరు మూయించాడు. దేవుణ్ణి శోధించకూడదన్నదే ఆ మాట సారం.

ఇందులో మనకు గొప్ప పాఠం ఉంది. ఒక్క వచనం మాత్రమే తెలిసినవాణ్ణి ఆ ఒక్క వచనంతోనే మోసం చేయవచ్చు. గ్రంథమంతా తెలిసినవాడు మాత్రం రెండో వచనం తీసి చూపిస్తాడు. "విశ్వాసం ఉంటే బిళ్ళలు పారెయ్" అనేది కూడా శిఖరం మీద నుంచి దూకమనడం లాంటిదే. దూకమన్నవాడు తాను దూకడు. నష్టం మనది.

మార్కు 16:18లో పాములను పట్టుకోవడం గురించి ఒక మాట ఉంది. అమెరికాలో జార్జ్ హెన్స్లీ అనే బోధకుడు ఆ మాట ఆధారం చేసుకుని ఆరాధనలలో విషసర్పాలను చేతపట్టే ఆచారాన్ని ప్రచారం చేశాడు. 1955లో పాము కాటుతోనే చనిపోయాడు. అదే ఆచారం సాగించిన జేమీ కూట్స్ అనే పాస్టరు 2014 ఫిబ్రవరిలో కెంటకీ రాష్ట్రంలో కాటు పడి, వైద్యం వద్దని ఇంట్లోనే ప్రాణం విడిచాడు. అపొస్తలుల కార్యములు 28:3-5 చదివితే, పౌలు చలి కాచుకోవడానికి పుల్లలు ఏరి నిప్పుల మీద వేయగా పాము పట్టుకుంది. ఆయన పామును వెదుక్కుంటూ వెళ్ళలేదు. ఆపదలో దేవుడు కాపాడడం వేరు, ఆపద తెచ్చుకుని దేవుణ్ణి పరీక్షించడం వేరు.

పత్తి చేలల్లో, మిరప తోటల్లో తిరిగే మనకు ఈ తేడా బాగా తెలియాలి. పాము కరిస్తే దారిలో ప్రార్థన చేయండి, బండి మాత్రం ఆపవద్దు. కరిచిన కాలు చేయి కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. విషానికి విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. 108కి ఫోన్ చేయండి.

మందు అంటే దేవునికి అయిష్టమా?

2 రాజులు 20వ అధ్యాయం చదవండి. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. కన్నీళ్ళతో ప్రార్థించాడు. బాగుచేస్తానని, పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. ఇంతకన్నా గట్టి వాగ్దానం ఎవరికి దొరుకుతుంది? అయినా 7వ వచనంలో యెషయా ప్రవక్త ఏమి చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. వాగ్దానం తెచ్చిన ప్రవక్తే పట్టు వేయించాడు. రాజు బాగయ్యాడు. ఆ పట్టు అవిశ్వాసమని ఎవరైనా అనగలరా?

పౌలు సంగతి చూడండి. ఆయన చేతుల మీదుగా దేవుడు ఎన్నో స్వస్థతలు చేశాడు. అయినా 1 తిమోతి 5:23లో తరచుగా జబ్బుపడే తిమోతి కడుపు కోసం ఏమి పుచ్చుకోమని చెప్పాడో చదవండి. 2 తిమోతి 4:20లో త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని దాచకుండా రాశాడు. నీకు విశ్వాసం చాలలేదని ఆ ఇద్దరిలో ఎవరినీ నిందించలేదు. కొలొస్సయులకు 4:14లో లూకాను ఏ పేరుతో పిలిచాడో చూడండి. ఒక వైద్యుడు రాసిన సువార్త మన బైబిలులో ఉంది.

వైద్యులను తప్పుపట్టే వాక్యాలు లేవా అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. 2 దినవృత్తాంతములు 16:12లో ఆసా రాజు ప్రస్తావన ఉంది. మందు మాన్పించేవారు ఎక్కువగా చూపించేది దానినే. ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. ఆసా తన ఆపదలో దేవుణ్ణి విడిచి సిరియా రాజును ఆశ్రయించాడు. హెచ్చరించిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. చివరికి జబ్బులో కూడా దేవుని వైపు తిరగలేదు. అక్కడి తప్పు వైద్యుని దగ్గరకు వెళ్ళడం కాదు, దేవుణ్ణి పక్కన పెట్టడం. మార్కు 5:26లో వైద్యుల చేతిలో ఆస్తి అంతా పోగొట్టుకున్న స్త్రీ ఉంది. అటువంటి వైద్యం ఈనాడూ ఉంది. దానికి విరుగుడు మంచి వైద్యం వెదకడం, వైద్యమే మానేయడం కాదు. రోగులకు వైద్యుడు కావాలని మార్కు 2:17లో ప్రభువే మామూలు సంగతిగా మాట్లాడాడు.

మన తెలుగు నేలకు సువార్త తెచ్చినవారు ఏమి చేశారో కూడా గుర్తు చేసుకుందాము. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీలకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టింది. 1898 నాటికి అక్కడ ఆసుపత్రి లేచింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టింది. ఆ రోజుల్లో ఆ రోగానికి తెలిసిన చాల్‌మూగ్రా నూనె సూది మందు ఇచ్చేవారు. వీరంతా ప్రార్థన లేనివారా? ప్రార్థనే వారిని సముద్రాలు దాటించింది. మిషను ఆసుపత్రి అనే మాటలోనే ప్రార్థన, మందు రెండూ ఉన్నాయి. వాటిని విడదీసేవాడు మన పెద్దల బాట తప్పినవాడు.

మరి బాగైనట్టు ఎందుకు కనిపిస్తుంది?

"మా కళ్ళారా చూశాము, బాగైంది" అని చెప్పేవారందరూ అబద్ధాలకోరులు కారు. దేవుడు అద్భుతం చేయగలడని మేమూ నమ్ముతాము. అయితే బాగైనట్టు కనిపించే ప్రతిదీ బాగవడం కాదు. జబ్బు స్వభావం తెలిస్తే ఇది అర్థమవుతుంది.

టీబీ మందు సక్రమంగా వాడితే మొదటి రెండు నెలలలోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. మామూలు టీబీకి కోర్సు మాత్రం ఆరు నెలలు. సరిగ్గా ఆ మధ్యలో కూడికకు వెళ్ళినవారికి ప్రార్థనతోనే పోయిందనిపిస్తుంది. మందు ఆపుతారు. లోపల మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి, కొన్నిసార్లు ఆ మందులకు లొంగనివిగా లేస్తాయి. అప్పుడు వైద్యం ఇంకా కష్టం. ఇంట్లో పసిపిల్లలకూ అంటుతుంది.

హెచ్ఐవికి ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు. వాటిని మానకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. రిపోర్టులో అలా రాగానే "వైరస్ లేదు, దేవుడు తీసేశాడు" అని సాక్ష్యం చెప్పించేవారు ఉన్నారు. అది ఆ మందు చేసిన పని. ఆ మందు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పవచ్చు. మందు ఆపితే మాత్రం కొద్ది వారాలలోనే వైరస్ తిరిగి పెరుగుతుంది.

బీపీకి బాధ ఉండదు. బాధ లేదని బిళ్ళ మానేస్తే తెలిసేది ఒక్కోసారి పక్షవాతం వచ్చాకనే. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్సు వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ఇన్సులిన్ మీదే బతుకుతున్న పిల్లలకు అది ఆపితే ఒకటి రెండు రోజులలోనే ప్రమాదం.

పచ్చకామెర్లలో కొన్ని రకాలు కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. కరిచిన పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషసర్పం కూడా కొన్నిసార్లు విషం వదలకుండానే కరుస్తుంది. అటువంటి చోట ఎవరు మంత్రించినా, ఎవరు ప్రార్థించినా, ఎవరూ ఏమీ చేయకపోయినా రోగి బతుకుతాడు. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు పడింది నిజమే, కాకి బరువుకు మాత్రం కాదు. ఇక వేలమంది మధ్య పాటలు, డప్పులు, కేకలు ఉన్నప్పుడు ఆ ఉద్వేగంలో మోకాలి నొప్పి గంటసేపు తెలియదు. చేతికర్ర పారేసి నడిచినవారు తెల్లవారి మంచం దిగలేకపోవడం అందుకే.

లోకంలో జరిగినవి మూడు

మోసం ఎన్ని రూపాలలో వస్తుందో తెలియడానికి మూడు సంగతులు చెబుతాము.

మొదటిది అమెరికాలో. పీటర్ పోపాఫ్ అనే స్వస్థత బోధకుడు సభలో ఎవరో తెలియనివారిని పేరు పెట్టి పిలిచి, వారి ఇంటి చిరునామా, జబ్బు చెప్పేవాడు. ప్రభువు బయలుపరిచాడని జనం ఏడ్చేవారు. 1986లో జేమ్స్ రాండీ అనే గారడీ విద్య తెలిసిన పరిశోధకుడు ఒక రేడియో పరికరంతో అసలు గుట్టు పట్టాడు. సభకు ముందు జనం నింపిన ప్రార్థన కార్డులు చూసి పోపాఫ్ భార్య తెర వెనుక నుంచి రేడియోలో చెబుతుంటే, అతడు చెవిలో పెట్టుకున్న చిన్న యంత్రంతో వింటున్నాడు. ఎవరైనా మీ పేరు, జబ్బు చెబితే ఆశ్చర్యపోయే ముందు ఒక్కమాట గుర్తు చేసుకోండి. గేటు దగ్గర ఏ కాగితం మీద ఏమి రాసి ఇచ్చారు? ఎవరి ఫోనుకు మెసేజీ పెట్టారు?

రెండోది టాంజానియాలో. 2011లో లోలియోండో ప్రాంతంలో అంబిలికిలే మ్వాసాపిలే అనే రిటైరైన లూథరన్ పాస్టరు, దేవుడు కలలో చూపించాడంటూ మన వాక్కాయ జాతికి చెందిన ఒక చెట్టు వేరు కషాయం ఇచ్చాడు. ఒక్క కప్పుతో షుగరు, క్యాన్సరు, హెచ్ఐవి పోతాయన్నాడు. కప్పుకు 500 షిల్లింగులు, అంటే చాలా తక్కువ డబ్బే. కిలోమీటర్ల కొద్దీ బండ్లు బారులు తీరాయి. ఆ వరుసలలోనే కొందరు రోగులు చనిపోయారు. హెచ్ఐవి మందులు మానేసినవారు ఉన్నారు. ఆ పాస్టరు డబ్బు కోసం చేశాడని మేము అనడం లేదు. చిత్తశుద్ధి ఉన్నవాడే కావచ్చు. మనం గ్రహించవలసింది అదే. చెప్పేవాడు మంచివాడైనంత మాత్రాన చెప్పినది నిజం కాదు.

మూడోది కెన్యాలో, 2023లో. షకహోలా అనే అడవిలో 400కు పైగా శవాలను తవ్వి తీశారు. వాటిలో పిల్లలవి ఎన్నో ఉన్నాయి. పాల్ మెకంజీ అనే బోధకుడు, అన్నం నీళ్ళు మాని చనిపోతే యేసును చూస్తారని బోధించాడన్నది అతని మీద మోపిన అభియోగం. ఆ బోధ ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. అంతకు ముందు నుంచే ఆసుపత్రులకు వెళ్ళవద్దు, పిల్లలను బడికి పంపవద్దు అని చెబుతూ వచ్చాడు. బిళ్ళ మానమన్న మాట చిన్నదిగానే కనిపిస్తుంది. దానికి తలవంచినవారిని తరువాత ఇంకో మాటకు వంచడం తేలిక.

ఇవన్నీ దూరదేశాల సంగతులు అనుకోవద్దు. ఈనాడు ఏ దేశపు బోధ అయినా మన అరచేతిలోని ఫోనులోకి వస్తోంది. ప్రార్థన నూనె సీసా, రుమాలు, విత్తన కానుక, కింద డబ్బు పంపే నంబరు, అన్నీ దానిలోనే ఉంటున్నాయి. మన దేశంలో 1954 నాటి చట్టం ఒకటి ఉంది. క్యాన్సరు, షుగరు, మూర్ఛ, టీబీ, కుష్ఠు వంటి జబ్బులను మహిమ గల వస్తువులతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం ఆ చట్టం ప్రకారం నేరం. అయినా చట్టం మన ఇంటి గడప దగ్గర కాపలా కాయలేదు. ఆ కాపలా మనమే కాయాలి.

ప్రభువు స్వస్థపరచి పరీక్షకు పంపాడు

మార్కు 1:44 తెరవండి. కుష్ఠు రోగిని యేసుప్రభువు బాగుచేశాడు. ఆయన ముట్టి బాగుచేసిన తరువాత ఇక సందేహమేముంది? అయినా వెళ్ళి యాజకునికి కనపరచుకోమన్నాడు. లూకా 17:14లో పదిమందికీ అదే చెప్పాడు. ఆ కాలంలో చర్మాన్ని చూసి, రోజులు లెక్కపెట్టి, మళ్ళీ చూసి, శుద్ధుడని తేల్చే బాధ్యత యాజకునిది. లేవీయకాండము 13, 14 అధ్యాయాలలో ఆ పద్ధతి అంతా ఉంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ప్రభువు బాగుచేసి, పరీక్ష చేయించుకుని రిపోర్టు తెచ్చుకోమన్నాడు.

నిజమైన స్వస్థత ఇచ్చినవాడే పరీక్షకు భయపడలేదు. మరి పరీక్ష చేయిస్తే అవిశ్వాసం అని భయపెట్టేవాడు దేనికి భయపడుతున్నాడు?

కాబట్టి ప్రార్థన చేయించుకుని బాగైందనిపిస్తే సంతోషించండి. తరువాత వచ్చి తెమడ పరీక్షో, రక్త పరీక్షో, ఏది అవసరమైతే అది చేయించుకోండి. మందు తగ్గించాలా, ఆపాలా అన్నది ఆ రిపోర్టు చూసి డాక్టరు చెబుతారు. దేవుడు నిజంగా బాగుచేసి ఉంటే ఆ పరీక్షలోనూ బాగున్నట్టే వస్తుంది. రెండు వారాలు ఆగినందువల్ల దేవుని మహిమ తగ్గదు.

ఇంటిల్లిపాదీ అడగవలసిన ఆరు ప్రశ్నలు

అపొస్తలుల కార్యములు 17:11లో బెరయవారు పౌలు చెప్పిన మాటలను కూడా లేఖనాలతో సరిచూశారు. అందుకు వారికి మెప్పు వచ్చింది, చీవాట్లు రాలేదు. 1 యోహాను 4:1 కూడా చదవండి. ప్రశ్నించడం తిరుగుబాటు కాదు, విశ్వాసి పని. ఏ కూడికకు వెళ్ళినా, ఏ బోధ విన్నా ఈ ఆరు అడగండి.

1. డబ్బు అడిగాడా? నయమాను తెచ్చిన కానుకను ఎలీషా ముట్టలేదు. వెనుక నుంచి వెళ్ళి అడిగి పుచ్చుకున్న గేహజీకి ఏమైందో 2 రాజులు 5:20-27లో ఉంది. మత్తయి 10:8, అపొస్తలుల కార్యములు 8:18-20 కూడా చూడండి.

2. మందు మానమన్నాడా? మానమంటే ఇక మిగిలిన ప్రశ్నలతో పని లేదు, లేచి రండి.

3. దాచిపెట్టమన్నాడా? మీ పాస్టరుగారికి, ఇంటివారికి, డాక్టరుకు చెప్పవద్దనేవాడి పని వెలుగులో చేసే పని కాదు.

4. తగ్గకపోతే తప్పు ఎవరిమీద వేశాడు? "నీకు విశ్వాసం లేదు, నీ పాపమే కారణం" అంటే యోహాను 9:1-3 చూపించండి. పౌలుకు ఒక ముల్లు మూడుసార్లు వేడుకున్నా తొలగలేదు. 2 కొరింథీయులు 12:7-9 చదవండి.

5. అతడెవరో మీకు తెలుసా? యాకోబు 5:14లో రోగి పిలవవలసినది సంఘ పెద్దలను. అంటే రేపు కూడా మన మధ్యనే ఉండేవారిని, తగ్గకపోతే వచ్చి పక్కన కూర్చునేవారిని. డేరా పీకి వెళ్ళిపోయేవారిని కాదు.

6. ఇంతకు ముందు చెప్పినవి జరిగాయా? జరగని ప్రవచనాల సంగతి ద్వితీయోపదేశకాండము 18:22లో ఉంది. జరిగినా సరే, అతడు చూపించేది క్రీస్తునా, తననా అని మత్తయి 24:24 దగ్గర పెట్టుకుని చూడండి.

వెళ్ళేవారిని నిందించవద్దు

ఇంత చదివాక, మోసపోయినవారిని చూసి తెలివితక్కువవారని ఎవరైనా అంటే అది మాకు బాధ కలిగిస్తుంది. పొలం కౌలుకు పట్టి, అప్పు తెచ్చి, మూడు ఆసుపత్రులు తిరిగి, చేతిలో స్కానింగు కాగితాలు తప్ప ఏమీ మిగలని మనిషి "ఈ రాత్రే నీకు విడుదల" అనే మాట వింటే ఎలా ఆగగలడు? చాలాచోట్ల డాక్టరు రెండు నిమిషాలు చూస్తాడు. కూడికలో ఎవరో తల మీద చేయి పెట్టి, అమ్మా అని పిలిచి, బాధ అంతా వింటారు. మనిషికి మందు ఎంత కావాలో ఆ చేయి కూడా అంతే కావాలి. ఆ చేయి మన సంఘాలలో దొరకనప్పుడు జనం బయట వెదుక్కుంటారు.

అందువల్ల సంఘ కుటుంబాలకు మా మనవి. మీ సంఘంలో దీర్ఘరోగులు ఎవరో పెద్దలకు తెలిసి ఉండాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు వెళ్ళి ప్రార్థన చేసి, "బిళ్ళలు ఉన్నాయా అత్తా, ఎప్పటికి అయిపోతాయి?" అని అడిగి రండి. బస్సు చార్జీ లేక ఆగిపోయినవారుంటే ఆ చార్జీ ఇవ్వండి. టీబీ రోగి కోర్సు పూర్తి చేసిన రోజున సంఘంలో నిలబెట్టి కృతజ్ఞతా ప్రార్థన చేయండి. ఆరు నెలలు విడవకుండా మందు మింగడం కూడా ఒక సాక్ష్యమే. హెచ్ఐవి ఉన్నవారి విషయం మాత్రం వారి అనుమతి లేకుండా ఎవరికీ చెప్పవద్దు. ఆ సందేహాలకు 1097 నంబరు ఉంది, మాట్లాడడానికి డబ్బు అక్కరలేదు.

ఇప్పటికే మందు మానేసినవారు ఈ పత్రిక చదువుతూ ఉంటే, భయపడవద్దు, సిగ్గుపడవద్దు. ఎంతకాలం ఆపారో దాచకుండా చెప్పండి. దాన్నిబట్టే వైద్యం మారుతుంది. మిమ్మల్ని ఎవరూ కోప్పడకూడదు. పాత చీటీ, మిగిలిన బిళ్ళలు వెంట తెచ్చుకోండి.

బైబిలు విషయంలోనూ ఒక మనవి. అరలో పెట్టిన బైబిలు మోసం నుంచి కాపాడదు, చీటీ రాసి అరలో పెట్టిన మందు రోగం తగ్గించనట్టే. ఈ వారం లూకా సువార్త మొదలుపెట్టండి. రోజుకు ఒక అధ్యాయం చొప్పున ఇరవై నాలుగు రోజులు పడుతుంది. రోగులతో ప్రభువు ఎలా మాట్లాడాడో, ఎవరినైనా డబ్బు అడిగాడేమో, ఎవరినైనా వైద్యం మానమన్నాడేమో ఇంటిల్లిపాదీ కలిసి చూడండి.

మన కృష్ణా ప్రాంతపు సంఘ చరిత్రలో రాఘవాపురం పగోలు వెంకయ్య గారి పేరు తెలియనివారు తక్కువ. తాను మొక్కుతున్నదానిలో సత్యం ఉందా అని ఆయనకు సందేహం కలిగింది. నిజమైన దేవుడెవరో తెలియజేయమని ఏళ్ళ తరబడి అడిగాడు. 1859లో బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ గారిని వెదుక్కుంటూ వెళ్ళాడు. ఆయన వెనుక ఎన్నో పల్లెలు క్రీస్తును తెలుసుకున్నాయి. అంటే ఈ నేల మీద మన విశ్వాసం గుడ్డిగా తలవూపడంతో పుట్టలేదు, నిజమేదో తెలుసుకోవాలనే ప్రశ్నతో పుట్టింది. ఆ పెద్దల పిల్లలమైన మనము ఎవరో ఫ్లెక్సీ కట్టగానే ప్రశ్న మరిచిపోవడం వారికి గౌరవం కాదు.

ప్రార్థన చేద్దాము. మందు వేసుకుందాము. వాక్యం చదువుదాము. ఎవరు ఏమి చెప్పినా పరీక్షించి, మంచిదానిని పట్టుకుందాము. సత్యమైన దేవుడు మీ శరీరాన్ని, మీ మనసును, మీ ఇంటివారిని కాపాడును గాక. ఆమేన్.